ఎత్తైన లోయలో 7 స్టేజీల ఎంటీబీ (మౌంటెన్ బైక్) రేస్: గేర్లు, టైర్లు, బ్రేకులు, ఎత్తు, గాలి

#1 కొండకోన

ఎత్తైన లోయల్లో జరిగే స్టేజ్ రేసుల గురించి ప్రశ్నలు ఒక్కొక్కటి ఒక్కో చోట పడి ఉన్నాయి. అన్నీ ఇక్కడికి చేరుద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

లెక్కలు వేసుకోవడానికి ఒక నమూనా రూటు అనుకుందాం. 7 స్టేజీలు, రోజుకు 55 నుంచి 80 కి.మీ., ఎక్కుడు రోజుకు 1,500 నుంచి 2,200 మీటర్లు. అడుగున నది. క్యాంపులు 2,400 – 3,200 మీటర్ల మధ్య. రెండు కనుమలు 3,600 మీటర్లవి. సగం జీపు బాట, పావు వంతు సింగిల్ ట్రాక్ (ఒక్క బండి పట్టే సన్న బాట), మిగతాది నది ఒడ్డున గులకరాళ్లు, వాగులు. తెల్లవారుజామున 2 డిగ్రీలు, మధ్యాహ్నం 25. బండి 29 అంగుళాల ఫుల్ సస్పెన్షన్, టైర్లు 2.35. రైడర్ 70 కిలోలు, బండి, నీళ్లు, సామాను కలిపి 85.

ఒక్కరోజు రేసుకి బండి సిద్ధం చేయడం ఇక్కడ చాలామందికి తెలుసు. వరసగా ఏడు రోజులైతే ఏం మారుతుంది? మెకానిక్ దొరుకుతాడని నమ్మకం లేదు అనుకుని చెప్పండి.

#2 వాలుగాలి

బండి సంగతి తర్వాత చూద్దాం, ముందు లోయ సంగతి తేల్చుకోవాలి. లోయకి ఒక టైమ్‌టేబుల్ ఉంటుంది. అది పట్టుకుంటే సగం నిర్ణయాలు వాటంతట అవే అయిపోతాయి.

పొద్దెక్కాక ఎండ తగిలిన వాలులు వేడెక్కుతాయి, అక్కడి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి కింది మైదానం వైపు నుంచి గాలి లోయలోకి వస్తుంది. అందుకే మబ్బు లేని రోజుల్లో 10, 11 గంటలకి మొదలై మధ్యాహ్నం 2 – 4 మధ్య బలంగా లోయ పైకి వీస్తుంది. సూర్యుడు దిగాక తిరగబడి, రాత్రంతా పైనుంచి కిందికి మెల్లగా జారుతుంది. లోయ ఇరుకైన చోట ఇదే గాలి రెట్టింపు అనిపిస్తుంది.

కాబట్టి స్టేజ్ లోయ పైకి వెళ్లేదైతే ఆలస్యమైనా గాలి మీకు సాయమే. లోయ కిందికి వచ్చే స్టేజ్‌ని మ్యాప్‌లో చూసి 'దిగుడే కదా, తేలిక' అనుకోకండి. 11 లోపు ఫినిష్ అయ్యేవాళ్లకి అది దిగుడు. 2 గంటలకి అదే దారిలో ఉన్నవాళ్లు 2 శాతం దిగుడులో కూడా పెడల్ ఆపలేరు. ఆ రోజు మొదటి గంటలో కాస్త ఎక్కువ కష్టపడైనా నలుగురున్న గుంపు పట్టుకోవడం లాభం. మిగతా రోజుల్లో మొదటి గంట ఎగబడితే నష్టమే.

వాగులు కూడా ఇదే లెక్క. మంచు కరిగిన నీళ్లతో పారే వాగు తెల్లవారుజామున సన్నగా ఉంటుంది, మధ్యాహ్నానికి పొంగుతుంది. హిమానీనదానికి దగ్గరగా ఉన్న వాగు ముందు పొంగుతుంది, కిందికి వచ్చే కొద్దీ ఆ పొంగు సాయంత్రానికి చేరుతుంది. మోకాలు దాటిన నీళ్లలో బండి తొక్కే ప్రయత్నం వద్దు. దిగి, బండిని ప్రవాహానికి కింది పక్కన పెట్టుకుని నడవండి. పై పక్కన పెడితే ఆ వేగానికి బండే వచ్చి కాళ్లకి కొడుతుంది. బ్యాగ్ నడుం బకిల్, ఛాతీ బకిల్ ముందే విప్పేయాలి.

#3 చైన్‌రింగ్32

గేర్ల లెక్క నేను వేస్తా. 29×2.35 చక్రం చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు.

32 పళ్ల చైన్‌రింగ్, వెనక 51. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 5.2 కి.మీ. వాలు 12 శాతమైతే గంటకి 620 మీటర్ల పైచిలుకు ఎక్కుతున్నట్టు. 85 కిలోలని అంత పైకి లాగడానికే 144 వాట్లు. వదులు కంకరలో టైరు ఈడ్పుకి ఇంకో 30 వేసుకోండి. మొత్తం 175 దరిదాపు.

ఇప్పుడు 28 పళ్లు, వెనక 52. అదే 60 చుట్లకి 4.5 కి.మీ. చాలేది సుమారు 150 వాట్లు.

సముద్రమట్టం దగ్గర 230 వాట్ల ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలబెట్టగలిగే గరిష్ఠ పవర్) ఉన్న రైడర్‌కి 3,400 మీటర్ల దగ్గర 190 మిగిలితే అదృష్టం. అందులో 175 అంటే థ్రెషోల్డ్ అంచున తొక్కుతున్నట్టే, గంటసేపు. 150 అంటే ఊపిరి అందుతూ తినగలిగే స్థాయి. ఏడు రోజుల రేసుకి ఈ తేడా చిన్నది కాదు. 300 వాట్ల ఎఫ్‌టీపీ వాళ్లకి 32 సరే, మిగతావాళ్లకి 28 లేదా 30.

#4 స్పోక్‌కీ

@చైన్‌రింగ్32 లెక్క బాగుంది బ్రో, కానీ వాలుగాలి గారు చెప్పిన రోజు సంగతి? లోయ కిందికి గుంపులో పోతున్నప్పుడు 28 పళ్లతో కాళ్లు గాల్లో తిరుగుతాయి.

#5 చైన్‌రింగ్32

28/10 లో 95 చుట్లకి 36 – 37 కి.మీ. వస్తుంది. 32/10 లో 42. జీపు బాట మీద గుంపు 37 దాటేది దిగుడులోనే, అక్కడ ఎలాగూ పెడల్ ఆపి ముడుచుకు కూర్చుంటాం. ఎదురుగాలి రోజున ఎవరికీ 37 అవసరం పడదు.

ఒక జాగ్రత్త: 32 తీసి 28 వేస్తే చైన్‌లో రెండు లింకులు (లోపలిది ఒకటి, బయటిది ఒకటి) తీయాల్సి రావచ్చు. ఫుల్ సస్పెన్షన్‌లో షాక్ పూర్తిగా నొక్కి, చైన్ పెద్ద స్ప్రాకెట్ మీద ఉంచి చూశాకే కోయండి. కోశాక గేర్లు మార్చే డెరైలర్ బి-గ్యాప్ (దాని పై చక్రానికి, పెద్ద స్ప్రాకెట్‌కి మధ్య ఖాళీ) మళ్లీ సరిచూడాలి. అది మనిషి బండి మీద కూర్చుని శాగ్ పడినప్పుడు (బరువుకి సస్పెన్షన్ కాస్త దిగినప్పుడు) చూసే కొలత, స్టాండ్ మీద చూస్తే తప్పు వస్తుంది.

#6 స్పోక్‌కీ

టైర్ల గురించి వివరంగా రాస్తా, ఎక్కువమంది రేసు వదిలేసేది ఇక్కడే.

సీలెంట్ (ట్యూబ్‌లెస్ టైరులో రంధ్రాలు మూసే ద్రవం): 2.35 టైరుకి 100 – 120 మి.లీ. బయల్దేరే వారం ముందు పాతది పూర్తిగా తుడిచి కొత్తది పోయండి. పాతదాని మీద కొత్తది పోస్తే లోపల గడ్డలు మిగులుతాయి, అవే వెళ్లి వాల్వ్‌లో అడ్డం పడతాయి. నాలుగో రోజుకి ఒక్కో టైరులో 30 మి.లీ. చేర్చండి. పొడి గాలిలో, మధ్యాహ్నపు వేడిలో సీలెంట్ త్వరగా ఆరిపోతుంది.

ప్రెజర్: 70 కిలోల రైడర్‌కి ముందు 19 – 21, వెనక 21 – 24 పీఎస్‌ఐ మంచి మొదలు. ఎత్తు ప్రభావం చాలామంది మర్చిపోతారు. గేజ్ చూపేది టైరు లోపలి, బయటి ఒత్తిళ్ల తేడా. సముద్రమట్టంలో 20 కొట్టి 3,000 మీటర్లకి తీసుకెళ్తే, వేడి మారకపోయినా గేజ్ 24.5 దాకా చూపిస్తుంది. క్యాంపులో కొట్టుకుంటే ఈ బాధ ఉండదు, గేజ్ అక్కడ చూపిందే నిజం. 2,400 నుంచి 3,600 కనుమకి ఎక్కితే ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. 2 డిగ్రీల చలిలో కొట్టిన టైరు 25 డిగ్రీల ఎండకి రెండున్నర పెరుగుతుంది. కనుమ మీద చలిగానే ఉంటుంది కాబట్టి రెండూ పూర్తిగా కలవవు. అయినా తెల్లవారుజామున మీకు నచ్చిన ప్రెజర్ కన్నా ఒకటి తక్కువ కొట్టి బయల్దేరడం మంచిది. ఫోర్క్, షాక్‌లకీ ఇదే సూత్రం. వాటిలో ప్రెజర్ ఎక్కువ కాబట్టి శాతంలో మార్పు తక్కువ, మొదటి క్యాంపులో ఒకసారి శాగ్ చూసుకుంటే చాలు.

కోత పడినప్పుడు: చిన్న రంధ్రమైతే చక్రం తిప్పి ఆ చోటు కిందికి తెచ్చి పది సెకన్లు ఆగండి. ఇంకా బుసకొడుతుంటే ప్లగ్ (రంధ్రంలో దూర్చే రబ్బరు పీలిక). ప్లగ్ దూర్చాక సూదిని మెలితిప్పకుండా ఒక్క కుదుపుతో బయటికి లాగాలి. మెల్లగా లాగితే ప్లగ్ దానితోపాటే వస్తుంది. పక్కగోడ కోత 6 – 7 మి.మీ. దాటితే ప్లగ్ మీద ఆశ పెట్టుకోకండి. లోపల బూట్ (కోతకి అడ్డంగా పెట్టే గట్టి ముక్క) పెట్టి ట్యూబ్ వేయడమే.

ట్యూబ్ వేసే ముందు రెండు పనులు. టైరు లోపలంతా తడిమి ముళ్లు పీకేయాలి. సీలెంట్ అప్పటిదాకా మూసి ఉంచిన ముళ్లు పది ఉన్నా మీకు తెలియదు, ట్యూబ్‌కి మాత్రం వెంటనే తెలుస్తుంది. గ్లవ్ తొడుక్కుని తడమండి. రెండోది ట్యూబ్‌లెస్ వాల్వ్ నట్టు. దాన్ని ఇంట్లో ప్లయర్‌తో బిగిస్తే దారిలో చేత్తో ఊడదు, ఆ రోజు అక్కడితో అయిపోతుంది. చేతి బిగువు చాలు.

#7 కొండకోన

టైరులో గాలికి సీఓటూ కార్ట్రిడ్జా (కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న సిలిండర్), చేతి పంపా?

#8 స్పోక్‌కీ

రెండూ. 16 గ్రాములది 2.35 టైరుకి సరిపోయీ సరిపోనట్టు ఉంటుంది, 25 గ్రాములది తీసుకోండి. కొట్టేటప్పుడు వాల్వ్ పై సగంలో ఉండాలి. కింద ఉంటే ఆ చల్లటి గ్యాస్ నేరుగా సీలెంట్ గుంటలోకి వెళ్లి దాన్ని గడ్డ కట్టిస్తుంది. సీఓటూ రబ్బరు గుండా మామూలు గాలి కన్నా త్వరగా కారిపోతుంది, కాబట్టి సాయంత్రం క్యాంపులో అంతా వదిలేసి ఫ్లోర్ పంపుతో మళ్లీ కొట్టాలి. అది మరిచిపోతే పొద్దున్నే స్టార్ట్ లైన్ దగ్గర టైరు మెత్తగా కనిపిస్తుంది.

#9 వెనకబ్రేకు

బ్రేకుల వంతు నాది. 1,000 మీటర్ల దిగుడులో 85 కిలోల బరువు వదిలే శక్తి 8 లక్షల జౌళ్ల పైమాట. కొంత గాలి లాగేసుకుంటుంది, కొంత టైర్లలో పోతుంది, మిగతాదంతా రెండు చిన్న డిస్కుల్లోకే. నెమ్మదిగా, బ్రేకు పట్టుకునే దిగేవాళ్లకి గాలి సాయం తక్కువ, డిస్కుకి వెళ్లేది ఎక్కువ. కొత్తవాళ్ల బ్రేకులే ముందు కాలేది అందుకే.

నమూనా రూటుకి ముందు 180, వెనక కూడా 180 మి.మీ. డిస్క్ పెట్టండి. పెరిగే బరువు వంద గ్రాముల లోపే.

ప్యాడ్లు: రెజిన్ ప్యాడ్ మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటుంది కానీ ఒక్క వాన రోజు, ఇసుక బురదలో మొత్తం అరిగిపోగలదు. మెటల్ ప్యాడ్ చాలాకాలం వస్తుంది, వేడి తట్టుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడు మొదటి పట్టు మాత్రం తక్కువ. నా సలహా రెండు వైపులా మెటల్. అయితే డిస్క్ మీద 'రెజిన్ ప్యాడ్‌లకి మాత్రమే' అని చెక్కి ఉంటే మెటల్ వేయకూడదు, మెత్తటి ఉక్కు డిస్క్ త్వరగా తినేసుకుపోతుంది. పదార్థం అర మి.మీ.కి చేరితే మార్చాల్సిందే. స్టేజ్ రేసులో 1 మి.మీ. దగ్గరే మార్చేయండి, మర్నాడు వాన రాదని ఎవరూ చెప్పలేరు.

కొత్త ప్యాడ్‌తో నేరుగా స్టార్ట్ లైన్‌కి వెళ్లొద్దు. ముందే ఇంట్లో రెండు జతలనీ డిస్క్ మీద రుద్ది పట్టు వచ్చేలా చేసి, ఏది ఏ వైపుదో గుర్తు రాసి సంచిలో పెట్టుకోండి. నడక వేగానికి వచ్చేదాకా 20 సార్లు ఒక మోస్తరు బ్రేకు, తర్వాత కాస్త ఎక్కువ వేగం నుంచి 10 సార్లు. చక్రం ఎక్కడా పూర్తిగా ఆగకూడదు, ఆగితే ఆ చోట ప్యాడ్ పదార్థం మరకలా అంటుకుని తర్వాత బ్రేకు అదురుతుంది.

#10 డబుల్‌బట్టెడ్

మెటల్ రెండు వైపులా అంటే ఒప్పుకోలేను వెనకబ్రేకు గారూ. పొడి రోజుల్లో ముందు రెజిన్‌తో సింగిల్ ట్రాక్‌లో వచ్చే అదుపు మెటల్‌తో రాదు, ముఖ్యంగా పొద్దున చలిలో. ముందు రెజిన్, వెనక మెటల్, సంచిలో రెండు జతల మెటల్. వాన సూచన ఉంటే రాత్రే ముందుది మార్చేస్తే సరి, ఐదు నిమిషాల పని.

#11 వెనకబ్రేకు

వాతావరణ సూచన నమ్మదగినదైతే మీ పద్ధతి మంచిదే. ఎత్తైన లోయల్లో మధ్యాహ్నం కనుమ మీద మబ్బు కమ్మి వాన పడటం పొద్దున్నే తెలియదు, అందుకే నేను మెటల్ వైపు. మార్చేటప్పుడు మాత్రం ఇద్దరి పద్ధతిలోనూ ఒక తప్పు జరుగుతుంది. పాత ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్లు బయటికి వచ్చి ఉంటాయి, వాటి చుట్టూ దుమ్ము పేరుకుంటుంది. తుడవకుండా వెనక్కి నెడితే ఆ దుమ్ము సీల్‌లోకి వెళ్తుంది, పిస్టన్ బిగుసుకుంటుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, పాత ప్యాడ్లు అలాగే ఉంచి టైర్ లివర్‌తో నెట్టండి. కొత్త ప్యాడ్ మీద నెడితే అది పగలొచ్చు.

ఆయిల్ సంగతి: డాట్ ద్రవం వాడే బ్రేకులో మినరల్ ఆయిల్ కానీ, మినరల్ దాంట్లో డాట్ కానీ ఒక్క చుక్క పడినా సీళ్లు పాడైపోతాయి. డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు 260 డిగ్రీల దాకా మరగదు. గాలిలోంచి తేమ పీల్చుకున్నాక కనీస హామీ 180. ఏడాది పాతదైతే రేసు ముందు బ్లీడ్ చేయించండి (పాత ద్రవం, గాలి బుడగలు తీసి కొత్తది పోయించడం).

#12 పల్స్‌ఆక్స్

ఎత్తు గురించి. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ రావచ్చు, ఫిట్‌నెస్‌తో సంబంధం లేదు. బాగా తొక్కేవాళ్లు త్వరగా పైకి చేరతారు, ఒక్కోసారి వాళ్లకే ముందు వస్తుంది. చూడాల్సింది పగలు ఎక్కిన ఎత్తు కాదు, రాత్రి పడుకునే ఎత్తు. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకపోతే మంచిది. నమూనా రూటు క్యాంపులు 2,400 – 3,200 కాబట్టి, మూడు నాలుగు రోజులు ముందే వచ్చి 2,400 దగ్గర పడుకోండి. ఆ రోజుల్లో గంట, గంటన్నర తేలికగా తొక్కితే చాలు.

తలనొప్పితోపాటు వికారమో, తిండి సయించకపోవడమో, మైకమో ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు తడిగా వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. గీత మీద మడమకి వేలు ఆనించి నడవలేకపోతే అది మెదడు వాపు లక్షణం. ఈ రెండింటికీ వెంటనే కిందికి దించడమే ముఖ్యం. ఆ రాత్రే, తెల్లారేదాకా ఆగకుండా. మెడికల్ టెంట్‌కి దాచకుండా చెప్పండి.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. ఎత్తుకి వేసుకునే ఎసిటజోలమైడ్ మూత్రం ఎక్కువ చేసే మందుల వర్గంలోది, వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఉంది. డోపింగ్ నియమాలు పాటించే రేసైతే ముందస్తు మినహాయింపు పత్రం లేకుండా వేసుకోకూడదు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్‌కి ఆ మాట తప్పక చెప్పాలి. ఇక ఐబుప్రొఫెన్ వేసుకుని ఆరేడు గంటలు ఎండలో తొక్కితే కిడ్నీల మీద భారం పడుతుంది, నీళ్లు తగ్గిన ఒంటికి మరీ ప్రమాదం. కాళ్ల నొప్పికని రోజూ వేసుకోవద్దు.

#13 కొండకోన

పవర్ మీటర్ ఉన్నవాళ్లు ఏ అంకె చూడాలి?

#14 పల్స్‌ఆక్స్

3,000 మీటర్ల దగ్గర అలవాటు పడినవాళ్లకీ పవర్ ఆరో వంతు దాకా తగ్గుతుంది, కొత్తగా వచ్చినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. మొదటి రెండు రోజులు పొడవైన ఎక్కుళ్లలో, ఆ ఎత్తుకి తగ్గించుకున్న ఎఫ్‌టీపీలో 75 – 80 శాతం మించొద్దు. గుండె వేగాన్ని మాత్రం నమ్మకండి. మొదట్లో ఎత్తు వల్ల ఎక్కువ చూపిస్తుంది, నాలుగైదు రోజులయ్యాక అలసట వల్ల ఎంత తొక్కినా పైకి పోదు. ఐదో రోజు గుండె వేగం తక్కువగా ఉందని గట్టిగా తొక్కడం మొదలుపెడితే ఆరో రోజు ఏమీ మిగలదు.

#15 గులకబాట

తిండి, ఒళ్లు గురించి రాస్తున్నా.

బండి మీద గంటకి 60 గ్రాముల కార్బ్స్‌తో మొదలుపెట్టండి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిసినవైతే 90 దాకా వెళ్లొచ్చు, కానీ రేసుకి ఆరు వారాల ముందు నుంచే కడుపుకి అలవాటు చేయాలి. చలిలో, ఎత్తులో దాహం తెలియదు, ఊపిరిలోనే బోలెడు నీరు పోతుంది. గంటకి 500 – 750 మి.లీ., లీటరుకి 500 – 700 మి.గ్రా. సోడియం. ఒట్టి నీళ్లు అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. ఫినిష్ అయ్యాక మొదటి నాలుగు గంటలే కీలకం: కిలో బరువుకి గంటకి 1 – 1.2 గ్రాముల కార్బ్స్. 70 కిలోలవాళ్లకి 70 – 84 గ్రాములు. దానితో పాటు 20 – 30 గ్రాముల ప్రొటీన్. రాత్రి భోజనంలో కవర్ చేద్దామంటే కుదరదు, ఎత్తులో రాత్రి ఆకలి చచ్చిపోతుంది.

రేసు మధ్యలో వదిలేయడానికి సీటు పుండు కూడా ఒక పెద్ద కారణం. ఫినిష్ లైన్ దాటిన అరగంటలో షార్ట్స్ మార్చాలి, కబుర్లు తర్వాత. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే బట్ట వేసుకోండి. షార్ట్స్ కనీసం నాలుగు, అన్నీ ముందే వాడినవి. తడి ఆరనిది మర్నాడు వేసుకోవద్దు. అరచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే హ్యాండిల్ గ్రిప్ బయటి అంచు మీద నరం నలుగుతోందని అర్థం. గ్రిప్ కోణం కొద్దిగా మార్చండి, దిగుడులో బ్రేకు మీద ఒక్క వేలే ఉంచండి.

#16 డబుల్‌బట్టెడ్

సాయంత్రం బండి పని గురించి. బండ్లు కడిగే చోట ప్రెజర్ వాషర్ పెడతారు. దాన్ని హబ్, బాటమ్ బ్రాకెట్, హెడ్‌సెట్, సస్పెన్షన్ పివట్ల వైపు తిప్పొద్దు, నీళ్లు సీల్ దాటి బేరింగ్‌లోకి వెళ్లి గ్రీజుని కడిగేస్తాయి. మూడో రోజు ఏం తెలియదు, ఆరో రోజు బాటమ్ బ్రాకెట్ కరకరలాడుతుంది. బకెట్, బ్రష్ చాలు.

తర్వాత చైన్ తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క. వాగులు ఎక్కువున్న స్టేజ్‌కి వ్యాక్స్ కన్నా వెట్ ల్యూబ్ నయం, జేబులో 15 మి.లీ. సీసా ఉండాలి. చైన్ గేజ్ (చైన్ అరుగుదల కొలిచేది) 0.5 చూపితే రేసుకి ముందే మార్చేసి, కొత్తదాని మీద వంద కి.మీ. తొక్కి చూసుకోండి. విడి లింకులు రెండు, మీ చైన్ కంపెనీవే. 11 స్పీడ్ లింకు 12 కి పట్టదు. హ్యాంగర్ (డెరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే ముక్క) ఒకటి తప్పనిసరి. యూడీహెచ్ (చాలా కంపెనీల ఫ్రేములకి పట్టే ఒకే రకం హ్యాంగర్) ఫ్రేమ్ అయితే ఇంకొకరి దగ్గర దొరికే అవకాశం ఉంది, కాకపోతే మీ ఫ్రేమ్‌ది మీరే మోయాలి.

పడుకునే ముందు బోల్టులు: స్టెమ్ 5 ఎన్‌ఎం (న్యూటన్-మీటర్లు), క్లీట్లు (షూని పెడల్‌కి పట్టించే లోహపు ముక్కలు) 5 – 6. నడిచి తోసుకుపోయే చోట్ల రాళ్లకి తగిలి క్లీట్ బోల్టులు వదులవుతాయి. ఒక బోల్టు పోతే షూ పెడల్‌లో ఇరుక్కుని మెలితిప్పినా ఊడదు. విడి బోల్టులు రెండు సంచిలో వేసుకోండి.

#17 చైన్‌రింగ్32

జంటగా తొక్కే రేసుల గురించి ఒక మాట. 2004లో దక్షిణాఫ్రికాలో మొదలైన కేప్ ఎపిక్ లాంటి వాటిలో ఇద్దరి మధ్య దూరం 2 నిమిషాలు దాటితే పెనాల్టీ. ఎక్కుళ్లలో బలమైనవాళ్లు ముందుండి దారి చూపడం మామూలు అలవాటు, అది వెనకవాళ్లని లాగి అలిసేలా చేస్తుంది. పొడవైన ఎక్కుడులో నెమ్మదిగా తొక్కేవాళ్లే ముందుండి వేగం నిర్ణయించాలి. ఎదురుగాలి ఉన్న బల్లపరుపు నేలలో బలమైనవాళ్లు ముందు. సామాను పంచుకోండి కానీ ప్లగ్, పంపు మాత్రం ఇద్దరి దగ్గరా ఉండాలి.

#18 కొండకోన

చివరి సందేహం. ఇరుకు లోయల్లో జీపీఎస్ దూరం తప్పు చూపిస్తుందంటారు. ఫీడ్ పాయింట్ (తిండి, నీళ్లు ఇచ్చే చోటు) 42వ కి.మీ. దగ్గరని రాసి ఉంటే ఎలా నమ్మాలి?

#19 వాలుగాలి

నిటారు గోడల మధ్య ఉపగ్రహ సిగ్నల్ రాతికి తగిలి తిరిగొస్తుంది, గీత అటూ ఇటూ పక్కకి పోతుంది, అందుకే దూరం తేడాగా కనిపిస్తుంది. ముందు చక్రం హబ్‌కి స్పీడ్ సెన్సార్ కట్టండి, చుట్టుకొలత చేత్తో కొలిచి నమోదు చేయండి: కూర్చుని, రేసు ప్రెజర్‌తో ఒక చుట్టు. రెండో ఆధారం ఎత్తు. బారోమీటర్ ఉన్న కంప్యూటర్ అయితే క్యాంపు ఎత్తుని పొద్దున్నే సరిచేసుకుని, ఫీడ్ పాయింట్‌ని దూరంతో కాక ఎత్తుతో గుర్తుపెట్టుకోండి. 'మూడో వాగు దాటాక 3,150 దగ్గర' అని టాప్ ట్యూబ్ మీద టేపుకి రాసి అంటించుకుంటే తప్పిపోరు. వైర్‌లెస్ డెరైలర్ వాడేవాళ్లు విడి బ్యాటరీ ఒకటి, షిఫ్టర్‌కి సీఆర్2032 ఒకటి పెట్టుకోండి. క్యాంపులో ఛార్జింగ్ దొరికినా క్యూ పెద్దగా ఉంటుంది, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకు పడుకోండి.